తెలుగు వచ్చినవారికి లాటిన్: మొదటి అక్షరం నుంచి మొదటి పద్యం దాకా

బస్సు అనే మాట నిజానికి ఒక విభక్తి ప్రత్యయం. లాటిన్‌లో ‘ఒమ్నిబుస్’ అంటే ‘అందరికీ’. 19వ శతాబ్దపు ఫ్రాన్సులో జనమంతా ఎక్కగలిగే గుర్రపు బండికి ఆ పేరు పెట్టారు. తర్వాత ఇంగ్లిష్‌వాళ్ల నోట్లో తల రాలిపోయి తోక మిగిలింది. అంటే రోజూ జనం కిక్కిరిసి ఎక్కుతున్నది ఒక ‘కీ’ని అన్నమాట.

వీడియో అంటే ‘చూస్తున్నాను’. ఆడియో అంటే ‘వింటున్నాను’. రెంటిలోనూ ‘నేను’ విడిగా లేదు, చివరి ఓకారంలో ఇమిడిపోయింది. చూస్తున్నాను అన్నప్పుడు మనకూ ‘నేను’ క్రియ చివరే ఉంటుంది. ఈ పోలిక దగ్గర ఒక్క క్షణం ఆగండి, ఎందుకంటే ఈ వ్యాసమంతా దాని మీదే నడుస్తుంది. లాటిన్ గండశిల అని పేరు పెట్టింది ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు. విభక్తులు దాదాపుగా పోగొట్టుకున్న భాషలో పెరిగినవారికి అది గండశిలే. విభక్తుల మధ్యే పుట్టి పెరిగిన మనం వాళ్ల భయాన్ని అరువు తెచ్చుకోవక్కర్లేదు. లాటిన్‌ను ఇంగ్లిష్ గుండా కాక తెలుగు గుండా నేర్చుకుంటే సగం దారి కలిసొస్తుంది.

ముందు, ఎందుకు?

ఉద్యోగం కోసమైతే వేరే భాష చూసుకోండి. లాటిన్ వల్ల వచ్చే లాభాలు వేరే రకంవి.

మొదటిది, రోజూ వాడే మాటల లోపలి భాగాలు కనిపిస్తాయి. ఎజెండా అంటే ‘చేయవలసినవి’. కోరం అంటే ‘ఎవరిలో’, అది షష్ఠీ బహువచనం. పోస్ట్‌మార్టం అంటే ‘చావు తర్వాత’. వీడియో, వీసా ఒకే ధాతువు నుంచి వచ్చాయి: వీసా అంటే ‘చూడబడినది’, అంటే అధికారి చూసి ముద్ర వేసిన కాగితం. మొక్కల శాస్త్రీయ నామాల్లో ఆల్బా అని ఉంటే తెల్లది, నైగ్రా అని ఉంటే నల్లది, సటైవా అని ఉంటే సాగు చేసేది. కొత్త మొక్కకు పేరు పెట్టాలంటే 2011 చివరి దాకా దాని వర్ణన లాటిన్‌లో రాయడం వృక్షశాస్త్రజ్ఞులకు తప్పనిసరిగా ఉండేది.

రెండోది, పెద్దది. లాటిన్ రోమన్లతో ఆగిపోలేదు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోందని కోపర్నికస్ 1543లో, గుండె రక్తాన్ని తిప్పి తిప్పి పంపుతోందని హార్వే 1628లో, గురుత్వాకర్షణ గురించి న్యూటన్ 1687లో చెప్పింది లాటిన్‌లోనే. హంగరీకి 1844 దాకా అధికార భాష లాటినే. 2013 ఫిబ్రవరి 11న పోప్ బెనడిక్ట్ తన పదవీ విరమణను లాటిన్‌లో ప్రకటించినప్పుడు, ఆ భాష అర్థమైన ఒక ఇటాలియన్ విలేఖరి ఆ వార్తను అందరికంటే ముందు ప్రపంచానికి చెప్పింది. మృతభాష అనే బిరుదుకు ఇది చిన్న జవాబు.

మూడోది నాకు మాత్రమే లాభంగా తోచిందేమో: లాటిన్ చదివాక తెలుగు వ్యాకరణం మళ్లీ ఇష్టమైంది. బడిలో బట్టీ పట్టి మరిచిపోయిన ఔపవిభక్తికాలు (ఇల్లు ‘ఇంటి’గా మారడం లాంటివి) ఎందుకున్నాయో అప్పుడు తెలిసొచ్చింది.

మొదటి వారం: నోరు తిప్పుకోండి

పుస్తకం తెరిచే ముందు ఉచ్చారణ తేల్చుకోవాలి. రెండు పద్ధతులున్నాయి. ఒకటి ప్రసిద్ధ రోమన్ వక్త సిసిరో కాలపు జనం ఎలా పలికి ఉంటారో పండితులు తిరిగి నిర్మించినది. రెండోది చర్చి పద్ధతి, ఇటాలియన్ యాసలో ఉంటుంది. మొదటి దానిలో సిసిరో ‘కికెరో’ అవుతాడు, రెండో దానిలో ‘చిచెరో’. సీజర్ మొదటి దానిలో ‘కైసర్’. జర్మన్ చక్రవర్తుల కైజర్ బిరుదు అక్కడి నుంచే వచ్చింది. చర్చి సంగీతం కోసం నేర్చుకునేవారికి రెండోది, మిగతా అందరికీ మొదటిది. ఏదో ఒకటి ఎంచుకుని దాని మీదే ఉండండి.

మొదటి పద్ధతిలో మన నోటికి చాలా అనుకూలాలున్నాయి. లాటిన్ త, ద మన త, ద లే. ఇంగ్లిష్ అలవాటుతో ‘టెర్రా’ అనకండి, ‘తెర్ర’ అనండి. దాని అర్థం భూమి. ఆ భాషలో ట, డ లేనే లేవు. వ పలికేటప్పుడు పళ్లు పెదవికి ఆనించకండి. ఫ మాత్రం కాఫీలో ఫ. గ్రీకు నుంచి వచ్చిన మాటల్లో ఒత్తులు నిజం ఒత్తులే: ‘ఫిలొసొఫియ’లో ఉన్నది కాఫీలోది కాదు, ఫలంలోది. ఇంగ్లిష్ పుస్తకాలు దీన్ని వివరించడానికి అరపేజీ తీసుకుంటాయి.

జంట హల్లులను జంటగానే పలకాలి. ‘అన్నుస్’ అంటే సంవత్సరం, ‘అనుస్’ అంటే ముసలమ్మ. ఇక హ్రస్వ దీర్ఘాలు: ‘మలుమ్’ అంటే చెడు, ‘మాలుమ్’ అంటే ఆపిల్ పండు. రోమన్ లిపిలో ఈ తేడా చూపడానికి అచ్చుల మీద చిన్న గీత పెడతారు, చాలా పుస్తకాల్లో అదీ ఉండదు. మన లిపికి ఆ బాధ లేదు. ఎ, ఏ, ఒ, ఓ వేరువేరుగా ఉన్నాయి కాబట్టి లాటిన్ అచ్చులన్నీ తెలుగులో తేటగా కుదురుతాయి. సంస్కృతానికి వాడే నాగరిలో ఈ సౌకర్యం లేదు. అందుకే మొదటి వారం నోటుపుస్తకంలో ప్రతి లాటిన్ మాటనూ తెలుగు లిపిలో కూడా రాసుకోమంటాను. ఒక్క వారమే. తర్వాత ఆ ఊతకర్ర పారేయండి, లేకపోతే రోమన్ లిపిలో చదివే వేగం రాదు.

ఒక ముచ్చట. మాట చివర వచ్చే మకారాన్ని రోమన్లు పూర్తిగా పెదవులు మూసి పలికేవారు కాదు, అచ్చును ముక్కులోకి లాగి వదిలేసేవారు. మన పాత పుస్తకాల్లో అరసున్న గుర్తుందా? దాదాపు అదే.

పుస్తకం ఎంచుకోవడం

నేను చేసిన తప్పు ముందు చెబుతాను. ఒక పాత వ్యాకరణ పుస్తకం పట్టుకుని ఐదు రకాల నామవాచకాల పట్టికలనూ వల్లె వేశాను. మూడు నెలలకు పట్టికలన్నీ నోటికొచ్చాయి, ఒక్క పేజీ చదవడం రాలేదు. వదిలేశాను. రెండేళ్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టినప్పుడు పట్టికలు పక్కనపెట్టి కథ పట్టుకున్నాను.

ఆ కథ హాన్స్ ఓర్‌బెర్గ్ రాసిన ‘లింగ్వా లాతీనా పెర్ సే ఇల్లుస్త్రాతా’ మొదటి భాగం, ‘ఫమిలియా రోమానా’. 35 అధ్యాయాలు, మొదటి మాట నుంచి చివరి మాట దాకా అంతా లాటినే. ఒక రోమన్ కుటుంబం కథ చెబుతూ, బొమ్మలతో, పక్కన చిన్న వివరణలతో, తెలిసిన మాటల సాయంతో కొత్త మాటలు నేర్పుతుంది. మధ్యలో ఇంగ్లిష్ లేకపోవడమే మనకు దాని పెద్ద గుణం. ఇంగ్లిష్‌లోకి, అక్కడి నుంచి తెలుగులోకి రెండుసార్లు దాటే శ్రమ తప్పుతుంది.

వ్యాకరణం ముందు, చదవడం తర్వాత అనేవారికి ఫ్రెడరిక్ వీలాక్ పాఠ్యపుస్తకం ఉంది. 1956లో వచ్చింది, 40 అధ్యాయాలు. మంచి పుస్తకమే. కానీ ‘కర్మ అంటే ఏమిటి’ అని అది ఓపిగ్గా వివరించే పేజీలు మీవి కావు. దాన్ని పక్కన పెట్టుకుని అనుమానం వచ్చినప్పుడు మాత్రమే తెరవండి.

విభక్తులు: ఇక్కడ తొందరపడకండి

‘రేగీన రొసమ్ విదెత్.’ రాణి గులాబీని చూస్తోంది.

మాటకు మాట సరిపోయింది. కర్త, కర్మ, క్రియ అదే వరుసలో ఉన్నాయి. ఇంగ్లిష్‌లో పేర్ల ముందు తగిలించే ఏ, ద లాంటివి లాటిన్‌కూ లేవు, మనకూ లేవు. వరుస మార్చి ‘రొసమ్ రేగీన విదెత్’ అన్నా చూసేది రాణే, గులాబీని రాణి చూస్తోంది అన్నట్టే. రొస చివర చేరిన మకారమే మన ‘ని’.

లాటిన్‌కు ముఖ్యమైన విభక్తులు ఆరు. కర్తకు ప్రథమ, పిలుపుకు సంబోధన, కర్మకు ద్వితీయ, ‘యొక్క’ అర్థానికి షష్ఠి. ‘కి, కు’ అర్థానికి ఒకటి విడిగా ఉంది; మన వ్యాకరణంలో కి, కు లు షష్ఠిలో ఉంటాయి కాబట్టి ఇక్కడ కొంచెం తికమకపడతారు, దాన్ని చతుర్థి అనుకుని సాగిపోండి. ఆరోది ఒక ఉమ్మడి సంచి: చేత, తో, నుండి, లో అన్నీ అందులోనే. సంస్కృతంలో తృతీయ, పంచమి, సప్తమి విడివిడిగా చేసే పనిని లాటిన్‌లో ఇది ఒక్కటే మోస్తుంది. దాన్ని ‘అబ్లేటివ్’ అంటారు, ఆ పేరుతోనే గుర్తుపెట్టుకోండి.

సంబోధన వదిలేస్తే ‘రొస’ రూపాలు ఏకవచనంలో ఇవి: రొస, రొసమ్, రొసై, రొసై, రొసా. గులాబీ, గులాబీని, గులాబీ యొక్క, గులాబీకి, గులాబీతో. మొదటిదానికీ చివరిదానికీ తేడా ఒక్క దీర్ఘమే. ఇప్పుడు అర్థమై ఉంటుంది హ్రస్వ దీర్ఘాల మీద అంత పట్టు ఎందుకు పట్టానో.

నిఘంటువులో ప్రతి నామవాచకానికీ రెండు రూపాలు ఇస్తారు, ప్రథమా షష్ఠీ. కొత్తవారు రెండోదాన్ని వదిలేస్తారు, అక్కడే దెబ్బ తింటారు. ఇల్లు మాత్రమే తెలిసి ఇంటి తెలియనివాడు ‘ఇల్లులో’ అంటాడు కదా. ఏరు, ఏటి, నోరు, నోటి. లాటిన్‌లోనూ ఇదే తంతు: ‘కపుత్’ అంటే తల, ‘కపితిస్’ అంటే తల యొక్క, ‘రేక్స్’ రాజు, ‘రేగిస్’ రాజు యొక్క, ‘ఇతెర్’ ప్రయాణం, దాని షష్ఠి ఏకంగా ‘ఇతినెరిస్’. మిగతా ప్రత్యయాలన్నీ ఈ రెండో రూపం మొదలుకే అతుక్కుంటాయి. లాటిన్ ఔపవిభక్తికాలు అనుకోండి.

ఇంకొన్ని చుట్టరికాలు కూడా ఇక్కడే చూసుకోండి. ‘ఇన్ ఉర్బె’ నగరంలో, ‘ఇన్ ఉర్బెమ్’ నగరంలోకి. లో, లోకి తేడాను వాళ్లు విభక్తి మార్చి చూపుతారు. ‘మేకుమ్’ నాతో, ‘తేకుమ్’ నీతో. ఆ ‘తో’ మనలాగే వెనక వచ్చింది. ప్రశ్నకు మాట చివర ‘నె’ తగిలిస్తారు: ‘విదేస్’ చూస్తున్నావు, ‘విదేస్నె’ చూస్తున్నావా? ‘మరియు’కు బదులు చివర ‘క్వె’ చేరుస్తారు. రోమ్ శాసనాల మీద కనిపించే నాలుగక్షరాల గుర్తుకు విస్తరణ ‘సెనాతుస్ పొపులుస్క్వె రోమానుస్’, సెనేటూ రోమన్ ప్రజలూ. అమ్మా నాన్నా అని దీర్ఘం తీసి జత కలిపేవారికి ఇందులో వింతేముంది?

క్రియలు

అమో, అమాస్, అమత్, అమాముస్, అమాతిస్, అమన్త్. ప్రేమిస్తాను, ప్రేమిస్తావు, ప్రేమిస్తాడు, ప్రేమిస్తాం, ప్రేమిస్తారు, వాళ్లు ప్రేమిస్తారు. మూడో రూపంలో అతను, ఆమె, అది తేడా లేదు, మనకంటే సులువు. ఇలాంటి వరుసలు నాలుగు ప్రధానమైనవి, కాలాలు ఆరు. అన్నీ ఒకేసారి మింగకండి. పాఠంలో ఎదురైనప్పుడు ఒక్కో కాలం చొప్పున నేర్చుకుంటే చాలు.

ప్రతి క్రియకూ నాలుగు మూలరూపాలుంటాయి: విదెఓ, విదేరె, వీదీ, వీసుమ్. నాలుగూ ఒక్క ఊపిరిలో చెప్పడం అలవాటు చేసుకోండి. భూతకాలం మూడోదాని నుంచి, ‘చూడబడిన’ లాంటివి నాలుగోదాని నుంచి పుడతాయి.

మాటలు కూడబెట్టడం

డికిన్సన్ కాలేజీవారు తరచుగా వచ్చే సుమారు 1,000 లాటిన్ మాటల పట్టిక ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. ఏడాదికి అదే లక్ష్యంగా పెట్టుకోండి. ఆంకీ లాంటి కార్డుల యాప్‌లో రోజుకు ఐదు చాలు. కార్డు ఒక వైపు లాటిన్, రెండో వైపు తెలుగు. ఇంగ్లిష్ వద్దు.

వాటిలో చాలా మాటలు మీకు తెలిసినవే. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని విలియం జోన్స్ 1786లో అన్నది ఊరికే కాదు. సెప్తెమ్ సప్త, నొవెమ్ నవ, దెకెమ్ దశ. ఇగ్నిస్ అగ్ని, నోమెన్ నామం, దెన్స్ దంతం, విదువ విధవ. ‘ఎస్త్’ అంటే ఉంది, అది అస్తి. ‘సున్త్’ అంటే ఉన్నారు, అది సంతి. తెలుగు ఆ కుటుంబానికి చెందదు, కానీ తత్సమాల రూపంలో ఆ చుట్టాలందరూ మన ఇంట్లోనే కాపురముంటున్నారు.

రోజువారీ పద్ధతి

రోజుకు అరగంట. ఆదివారం మూడు గంటలు కూర్చోవడం కంటే అదే మేలు. మొదటి పది నిమిషాలు నిన్నటి పేజీని గట్టిగా చదవండి, తర్వాత కొత్త పేజీ, చివర ఐదు కార్డులు. మొదటి పది అధ్యాయాలు వారానికొకటి సాగుతాయి, తర్వాత రెండు వారాలకొకటి పట్టినా కంగారుపడకండి. ముందుకు కదలకపోతే ఐదు అధ్యాయాలు వెనక్కి వెళ్లి మళ్లీ చదవండి. నాకు ఇది నాలుగుసార్లు అవసరమైంది.

వాక్యాన్ని ముక్కలు చేసి క్రియ ఎక్కడుందో వెతికి, తర్వాత కర్తను వెతికే పద్ధతి ఒకటి పుస్తకాలు చెబుతాయి. అది ఇంగ్లిష్‌వాళ్ల అవసరం. మనం క్రియ చివర వస్తుందని ఓపిక పట్టి వినడం పుట్టుకతో నేర్చుకున్నాం. ఎడమ నుంచి కుడికి, వరుసగా, అలాగే చదవండి.

రూపం తెలియని మాట ఎదురైతే విక్షనరీలో పట్టికలుంటాయి. పెద్ద నిఘంటువు కావాలంటే 1879 నాటి లూయిస్, షార్ట్‌ల నిఘంటువు టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వారి పెర్సియస్ వెబ్‌సైట్‌లో ఉచితం.

నిజంగా కష్టమైన చోట్లు

లింగం మనకు అసలు దెబ్బ. తెలుగులో లింగం అర్థాన్ని బట్టి వస్తుంది, బల్లకు ఆడా మగా అని ఎవరూ అడగరు. లాటిన్‌లో బల్ల స్త్రీలింగం. ముగింపు చూసి పోల్చుకుందామంటే అదీ పూర్తిగా నమ్మదగ్గది కాదు: ‘నౌత’ అకారాంతమైనా నావికుడు పుంలింగమే. మందు ఒకటే, నామవాచకాన్ని ఒంటరిగా నేర్చుకోకండి, విశేషణంతో జంటగా నేర్చుకోండి. ‘నౌత బొనుస్’ మంచి నావికుడు, ‘అర్బొర్ అల్త’ ఎత్తైన చెట్టు. అవును, బోనస్ అంటే మంచిదనే.

రెండోది ‘అని’ లేకపోవడం. రాణి వస్తోందని అంటున్నాడు అనడానికి ‘దీకిత్ రేగీనమ్ వెనీరె’ అంటారు, అంటే ‘రాణిని రావడం అంటున్నాడు’. మొదట్లో ఎబ్బెట్టుగా ఉంటుంది. మూడోది ‘గాక’ అర్థంలో క్రియ మారడం: ‘హబేస్’ నీ దగ్గర ఉంది, ‘హబెఆస్’ నీ దగ్గర ఉండుగాక. హెబియస్ కార్పస్‌లో ఉన్నది ఈ రెండోదే, ఆ మనిషిని నువ్వు హాజరు పెట్టాలని.

కష్టమని భయపెట్టేదొకటి మాత్రం మనకు కష్టం కాదు. ‘ఉర్బె కప్తా’ అనే కట్టుబడికి ఇంగ్లిష్ పుస్తకాలు ఒక అధ్యాయమే కేటాయిస్తాయి. నగరం పట్టుబడగా, అంతే. సంస్కృతంలో సతిసప్తమి తెలిసినవారైతే నవ్వుకుని పేజీ తిప్పేస్తారు.

అసలు పుస్తకాల్లోకి

మొదటి పుస్తకం ముగిశాక నేరుగా సిసిరో మీద పడకండి, ఒక్కో వాక్యం అరపేజీ పాకుతుంది. జెరోమ్ అనే క్రైస్తవ పండితుడు సరిదిద్దిన లాటిన్ బైబిల్ సువార్తలతో మొదలుపెట్టండి. వాక్యాలు పొట్టివి, కథ చాలామందికి తెలిసిందే. తర్వాత నాలుగో శతాబ్దపు యూట్రోపియస్ రాసిన పొట్టి రోమన్ చరిత్ర, ఆపై సీజర్ యుద్ధకథనాలు. తన గురించి తానే ‘సీజర్ ఇలా చేశాడు’ అని ప్రథమ పురుషలో రాసుకున్న మనిషి ఆయన.

పద్యాలకు వచ్చేసరికి మళ్లీ మన ఛందస్సు చేతికందుతుంది. లాటిన్ పద్యమూ గురులఘువులతోనే నడుస్తుంది. రోమన్ కవులు వర్జిల్, ఓవిడ్ ఇతిహాసాలకు వాడిన పాదంలో ఆరు గణాలు. ఒక్కో గణం భగణమో, రెండు గురువుల గగమో. ఐదోది దాదాపు ఎప్పుడూ భగణం, ఆరోది రెండక్షరాలే. ‘కర్మిన’ అంటే పద్యాలు. సంయుక్తాక్షరం ముందు క గురువు, తర్వాత రెండు లఘువులు, చక్కని భగణం. మాట చివరి అచ్చు, తర్వాతి మాట అచ్చుతో మొదలైతే పోతుంది, ఉత్వసంధిలో పోయినట్టే. చివరి అరసున్న మకారం కూడా తన ముందున్న అచ్చుతో సహా పోతుంది. సంయుక్తాక్షరంలో రకార లకారాల ముందు స్పర్శాలు (క, త, ప లాంటివి) వచ్చినప్పుడు మాత్రం, దాని ముందున్న హ్రస్వాన్ని కవి ఇష్టప్రకారం లఘువుగానూ ఉంచుకోవచ్చు.

పెన్సిల్‌తో గురులఘువులు గుర్తు పెట్టుకుని, ఓవిడ్ పాదాలు ఓ పది గట్టిగా చదవండి. యతి కోసం, ప్రాస కోసం వెతక్కండి, అవి అక్కడ లేవు.